వెతకడానికి వెళ్ళిన ఓడలు

నాకు వివరాల పిచ్చి ఉంది. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు, పెళ్ళైన నెలకే మా ఆవిడ కనిపెట్టి చుట్టాలందరికీ చాటిన సంగతి. కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే, ఎంత ఎక్కువైందని అడుగుతానట. పరవాడలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టుని కాబట్టి ఈ పిచ్చికి నెలనెలా జీతం కూడా వస్తోంది. జీతం రానిచోట కూడా అదే పని చేస్తాను. చరిత్ర మీద వచ్చే కంప్యూటర్ ఆటల్లో తప్పులు వెతికి సరిచేస్తూ కూర్చుంటాను.

రాజ్యాలు, సైన్యాలు, ఓడలు నడిపే ఆటలు ఉంటాయి కదా, వాటిని కంపెనీవాళ్ళు ఎలా ఇస్తే అలా ఆడుకునేవాళ్ళు ఎక్కువమంది. వెయ్యేళ్ళ కిందట సైన్యం ఒక్క రోజులో ఇంత దూరం ఎలా నడుస్తుందయ్యా, ఎద్దులు మేత తినకుండా బండి ఎలా లాగుతాయయ్యా అని గొణుక్కుంటూ, ఆట లోపలి ఫైళ్ళు తెరిచి మార్చేసేవాళ్ళు కొద్దిమంది. ఆ మార్పులన్నీ కలిపిన మూటని మాడ్ అంటారు. మాది రియలిజం మాడ్, అంటే ఆట కష్టమైనా సరే నిజంలా ఉండాలన్న పంతంతో చేసేది. మేం ఏడెనిమిది మందిమి, తలో దేశంలో ఉంటాం. ఒకరి మొహం ఒకరం చూసింది లేదు. ధాన్యం నిల్వలు ఒకాయన చూస్తాడు, గుర్రాల జబ్బులు ఒకావిడ చూస్తుంది. నాది విశాఖపట్నం అనగానే సముద్రం మొత్తం తెచ్చి నా నెత్తిన పెట్టారు.

నిజానికి నాకు సముద్రం గురించి ఏమీ తెలీదు. మా నాన్న స్టీల్ ప్లాంటులో చేసేవారు, నేను అక్కడి క్వార్టర్స్‌లో పెరిగాను. ఆదివారం చర్చి అయ్యాక బీచికి వెళ్ళి, మొక్కజొన్న పొత్తు తిని, ప్యాంటు మడతల్లో ఇసుకతో ఇంటికి రావడమే నాకు తెలిసిన సముద్రం. ఆ సంగతి వాళ్ళకి చెప్పడానికి నామోషీ అనిపించి ఊరుకున్నాను.

సముద్రం తెలిసిన మనిషి మా ఇంట్లోనే, నా గోడకి అవతలి గదిలో ఉన్నాడు. ఆయన మా మావయ్య, మా ఆవిడ తండ్రి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఫిషింగ్ హార్బర్‌లో మెకనైజ్డ్ బోటు నడిపాడు. బోటు నడిపేవాణ్ణి అక్కడ డ్రైవరంటారు, మిగతా పనివాళ్ళని కళాసీలంటారు. మా ఇంటి నుంచి హార్బరు పది నిమిషాల నడక. అలాంటిది రెండేళ్ళుగా ఆయన ఆ పది నిమిషాలు నడవలేదు.

రెండేళ్ళ కిందట ఆయన తమ్ముడు, అంటే మా ఆవిడకి చిన్నాన్న, తన చిన్న ఫైబర్ బోటులో వలలు ఎత్తుకురావడానికి ఒక్కడే వెళ్ళాడు. తోడు వెళ్ళేవాడికి ఆ రోజు జ్వరం. మధ్యాహ్నానికి గాలి లేచింది. సాయంత్రమైనా మనిషి రాలేదు. మావయ్య అప్పుడే చేపల వేట ముగించుకుని ఒడ్డుకి వచ్చాడు. సంగతి తెలిసి, బోటులో సరుకులైనా ఎక్కించకుండా వెతకడానికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు వెతికాడు. నాలుగో రోజు పొద్దున్న ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. డీజిలు, నీళ్ళు నింపుకుని వెంటనే మళ్ళీ వెళ్ళాలనే వచ్చాడు కానీ, ఈలోగా తుపాను హెచ్చరిక పెట్టి బోట్లని బయటికి వదల్లేదు. ఇంకెవరెవరో వెతికారు, హెలికాప్టరు తిరిగింది. మనిషీ దొరకలేదు, బోటు ముక్కైనా దొరకలేదు.

"నా తమ్ముణ్ణి ఒగ్గీసి ఒచ్చీసినాను," అని ఆ రోజు అత్తతో అన్నాడట. వదిలేసి వచ్చానన్న ఆ ఒక్క మాటే, ఆ తరువాత ఆ ఊసు ఎత్తలేదు. బోటు వేరేవాళ్ళకి అప్పగించేశాడు. హార్బరు మనుషులు ఎవరైనా గుమ్మంలోకి వస్తే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. అప్పుడే మేం మా కాపురం ఆ ఇంటికి మార్చాం. వచ్చిన వారానికే అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, చదువుకున్నవాణ్ణి కదా, ఎలాగైనా ఆయన్ని మనుషుల్లో పడెయ్యమంది. ఆయన లోపల్లోపలే కుళ్ళిపోతున్నాడని, ఇలాగే ఉంటే తనకి దక్కడని చెప్పి ఏడ్చింది. చేస్తానని మాటిచ్చాను. వాకింగుకి రమ్మన్నాను, రాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, బీపీ మాత్ర ఒకటి పెరిగింది తప్ప ఒరిగిందేమీ లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కంప్యూటరు ముందు కూర్చుని మాడ్ పరీక్షిస్తున్నాను. తూర్పు సముద్రం మీద పన్నెండు ఓడలు పంపి, మధ్యలో తుపాను పెట్టాను. నాలుగు ఓడలు మునిగాయి, తెర మీద అంకె ఎనిమిదికి దిగింది. నేను పెట్టిన లెక్క ప్రకారమే జరిగిందని సంబరపడుతుంటే వెనక నుంచి మావయ్య గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలీదు. ఆ నాలుగూ ఏమయ్యాయని అడిగాడు. తుపానులో పోయాయని చెప్పాను.

"ఎవులు సూసినారు?" అన్నాడు.

ఎవరూ చూడలేదు మావయ్యా, లెక్క ప్రకారం పోయాయి అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. హార్బరులో తిరిగిరాని బోటుని పోయిందని ఎవరూ అనరట. ఇంకా రాలేదు అంటారట, అంతే. కళ్ళతో చూస్తే తప్ప పోయిందన్న మాట నోట రాకూడదు. జెట్టీ దగ్గర అది కట్టే చోటులో ఇంకో బోటుని కట్టనివ్వరు. వెతకడానికి వెళ్ళే బోట్లు బరువు తగ్గడానికి వలలు ఒడ్డున దింపేసి వెళ్తాయి. చేపల గుంపు ఎదురొచ్చినా వల వేసే పని లేకుండా పోతుంది కదా, అందుకు కూడా. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను ఆ ఇంటికి వచ్చాక అదే మొదలు.

వెయ్యేళ్ళ చరిత్రలో ఏ ఓడకి ఎన్ని తెడ్లో వెతికి పట్టుకున్న మాకు, తప్పిపోయిన ఓడ కోసం ఎవరైనా వెళ్తారన్న ఆలోచన రాలేదు. సిగ్గేసింది. ఆ రోజే మిగతావాళ్ళకి రాశాను: ఇక మీదట తుపానులో చిక్కిన ఓడ వెంటనే పోదు, రాని ఓడల కింద ఉంటుంది, ఆడేవాళ్ళు కావాలంటే వేరే ఓడల్ని వెతకడానికి పంపవచ్చు. రెండు రోజులు తిట్టుకున్నారు. ఆడేవాళ్ళకి ఇప్పటికే చిరాకని ఒకరు, దీనికి ఏ పుస్తకంలో ఆధారం ఉందని ఇంకొకరు. నేను పట్టిన పట్టు వదల్లేదు. చివరికి చేసుకో అన్నారు.

ఆ తరువాత నాలుగు ఆదివారాలు మా ఇంట్లో పండగలా గడిచాయి. భోజనం కాగానే మావయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చునేవాడు. వెతికే బోట్లు ఒకదానికొకటి కనిపించేంత దూరంలో వరసగా వెళ్ళాలట. మధ్యమధ్యలో అందరూ ఇంజన్లు ఆపేసి చెవులు రిక్కించి వినాలట. మనిషి ఉన్న బోటు, మనిషి లేని బోటు ఒకే గాలికి ఒకే వైపు పోవట. నేను రాసుకునేవాణ్ణి. ఇంజను లేని కాలపు ఓడలు కదా మావయ్యా అంటే, కాసేపు ఆలోచించి, అయితే తెరచాప దింపి వింటారు అనేవాడు. అన్నిటికన్నా ముఖ్యమైనది, రోజు గడిచేకొద్దీ వెతకాల్సిన మేర పెరుగుతూ పోవడం. మొదటి రోజు ఈ వీధంత ఉన్నది రెండో రోజుకి ఊరంత అవుతుందన్నాడు. దాన్ని ఆటలో సముద్రం మీద ఒక పసుపు మచ్చగా పెట్టాను. రోజురోజుకీ పెరిగేలా చేశాను.

అత్త టీ తెచ్చి గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూసేది. ఆ గేమేమిటో ఆమెకి అక్కర్లేదు. మొగుడి గొంతు వింటోంది, అది చాలు ఆమెకి. మా ఆవిడైతే నా వివరాల పిచ్చిని పెళ్ళయ్యాక మొదటిసారి మెచ్చుకుంది. నేను పొంగిపోయాను. పొంగిపోయినవాడు నోరు అదుపులో పెట్టుకోడు కదా.

అయిదో ఆదివారం ఫైలులో ఒక అంకె ఖాళీగా ఉండిపోయింది. మా మాడ్‌లో ఆడేవాడికి వచ్చే ఒక్కో వంతు అంటే ఒక రోజు. వెతకడానికి వెళ్ళిన ఓడలు ఎన్ని రోజులు వెతికాక తిరిగి రావాలి? ఆ గడిలో ఏదో ఒకటి వెయ్యాలి. నేను కీబోర్డు మీద చేతులు పెట్టి, తెర వంకే చూస్తూ, ఎన్ని రోజులు వెయ్యమంటారు మావయ్యా అన్నాను. తిరిగి చూసేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు. తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

ఎవర్ని ఏమి అడిగానో అప్పటికి గానీ తట్టలేదు. మా ఆవిడ నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. అసలు అంత మాట ఎలా అడిగావని మెల్లగా అంది, అంతే. వారం రోజులు ఆయన భోజనానికి కూడా మా అందరితో కూర్చోలేదు. అత్త పళ్ళెం గదిలోకి తీసుకెళ్ళి, సగం అన్నం అలాగే వెనక్కి తెచ్చేది. నావైపు చూసేది కాదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం అటుంచి, ఆయన్ని ఇంకా లోపలికి తోసేశానని కుమిలిపోయాను.

అప్పుడు నాకు ఒక బుద్ధి పుట్టింది. పరవాడ నుంచి కంపెనీ బస్సులో వస్తూ వస్తూ ఆలోచించాను. ఆయన తమ్ముణ్ణి తెచ్చివ్వలేను. ఆటలోనైనా వెతికితే దొరికిందన్న తృప్తి ఇస్తే? నిజం నిజం అని ప్రాణం తీసే నేను, నా దగ్గరున్న కాపీలో ఒక అబద్ధపు వాక్యం రాశాను. గాలి ఎటున్నా, మచ్చ ఎంతున్నా, వెతకడానికి వెళ్ళిన ఓడకి తప్పిపోయిన ఓడ తప్పకుండా దొరుకుతుంది. వెంటనే దొరికితే అనుమానం వస్తుందని అయిదో రోజుకి పెట్టాను. ఎంత జాగ్రత్తగా చేశానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నైట్ షిఫ్టు చేసి వచ్చిన ఒక పొద్దున్న, మా ఆవిడ తను పాఠాలు చెప్పే స్కూలుకి వెళ్ళాక, ఆయన గది తలుపు తట్టాను. తప్పైంది మావయ్యా, ఒక్కసారి వచ్చి ఆడి చూడండి, మీరు చెప్పినవన్నీ పెట్టాను అన్నాను. బతిమాలగా బతిమాలగా వచ్చాడు. మౌసు ఆయన చేతికిచ్చాను. వలలు అల్లిన వేళ్ళకి అది ఆనలేదు, బాణం తెర మీద ఒకచోట నిలవలేదు. ఒక ఓడ తప్పిపోయిందని కబురు రాగానే ఆయన రేవులో ఉన్న ఓడలన్నీ వెతకడానికి పంపేశాడు. రేవుకి కాపలా లేకుండా పోయింది. మూడో రోజు శత్రువులు వచ్చి కోట పట్టుకున్నారు. ఆయన అటు చూడనైనా చూడలేదు. అయిదో రోజు తెర మీద అక్షరాలు వచ్చాయి: ఓడ దొరికింది, అందరూ క్షేమం.

నేను ఆయన మొహంలో నవ్వు కోసం చూశాను. అక్కడ నవ్వు లేదు, రక్తమే లేదు.

"అయిదో రోజునా?" అన్నాడు. "మరి నాను మూడు రోజులకే ఒచ్చీసినాను కదా, బాబూ."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్త విన్నదని తెలిసింది. ఆయన రెండేళ్ళుగా తన మీద తాను మోపుకుంటున్న నేరాన్ని, కంప్యూటరుతో సాక్ష్యం చెప్పించి మరీ ఖాయం చేశాను. అది అబద్ధమని చెప్పాను. ఆయన నమ్మలేదు, నేను ఓదారుస్తున్నానని అనుకున్నాడు. ఫైలు తెరిచాను. నేను రాసిన వాక్యం మీద వేలు పెట్టి, ఇంగ్లీషులో ఉన్నది మాటమాటకీ తెలుగులో చెప్పాను. ఇది నా చేత్తో రాశాను మావయ్యా, మిమ్మల్ని సంతోషపెడదామని రాశాను అన్నాను. ఆయన ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు.

"తీసీ," అన్నాడు. "ఉన్నదున్నట్టు ఎట్టు."

తీసేశాను. ఆయనే నేర్పిన గాలులతో, ఆయనే చెప్పిన పెరిగే మచ్చతో మళ్ళీ మొదలుపెట్టాం. మొదటి రోజు మచ్చ రేవు పక్కన చిన్నగా ఉంది. మూడో రోజుకి తెరలో సగం పసుపైపోయింది. అయిదో రోజుకి నీలం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఓడ దొరకలేదు. మళ్ళీ ఆడాడు, దొరకలేదు. ఎన్ని రోజులకి తిరిగి రావాలన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది కాబట్టి ఏడు రోజులు, పది రోజులు వెతికించాడు. ఒక్క ఆటలో మాత్రం మొదటి రోజే దొరికింది, అంతే. అత్త ఎప్పుడో వచ్చి ఆయన వెనక నిలబడింది. నేను ఆపుదామా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, తెర మీదకి వంగి, ఇంకేదో చూస్తున్నాడు. వెతకడానికి వెళ్ళిన ఓడల పక్కన ఉండే మనుషుల అంకె చూస్తున్నాడు. పది రోజులైనా ఆ అంకె కదల్లేదు.

"ఈల్లు నీల్లు తాగరేటి?" అన్నాడు.

ఎద్దుల మేత మరిచిపోలేదు, గుర్రాల జబ్బులు మరిచిపోలేదు. వెతకడానికి వెళ్ళినవాళ్ళకి దాహం వేస్తుందని మా ఎవరికీ తోచలేదు. తప్పిపోయినవాళ్ళనే లెక్కపెట్టాం.

అప్పుడు ఆయన చెప్పాడు. రెండేళ్ళలో అత్తకి కూడా చెప్పని మాటలు, మౌసు పట్టుకునే చెప్పాడు. ఆ రోజు ఆయనతో ఆరుగురు కళాసీలు వెళ్ళారు. వేట నుంచి అప్పుడే దిగినవాళ్ళు, ఇంటికెళ్ళి స్నానమైనా చెయ్యనివాళ్ళు. డ్రమ్ములో అడుగున మిగిలిన నీళ్ళే ఉన్నాయి. రెండో రోజు నుంచి మూతతో కొలిచి తాగారు. మూడో రోజు మధ్యాహ్నం ఒకడికి వాంతులు పట్టుకున్నాయి. పెదాలు పగిలి నెత్తురొస్తున్నా మిగతావాళ్ళు కెరటాల మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఒక్కడూ ఎనక్కి పోదామనలేదు. నా తమ్ముడు కదా, సచ్చినా అనరు," అన్నాడు. "అందుకనే నానే తిప్పీసినాను."

అత్త ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, చేతనైన పని చేశాను. ఓడలకి నీళ్ళు పెట్టాను. ఆయన చెప్పినట్టే, ఒడ్డు నుంచి హడావుడిగా బయలుదేరిన ఓడలో ఎంత ఉంటాయో అంతే పెట్టాను. తిరుగు ప్రయాణానికి కూడా అందులోంచే వాడుకోవాలని రాశాను. మళ్ళీ నడిపించాను. మూడు రోజులు అంకె నిలబడింది. నాలుగో రోజు ఒకటి తగ్గింది. అయిదో రోజు ఇంకో రెండు తగ్గాయి.

ఆయన అరచెయ్యి తెర మీద అడ్డంగా పెట్టేశాడు. ఆ అంకె కనబడకుండా కప్పేసి, చాలాసేపు అలాగే ఉన్నాడు. బయట ఎవరో చేపలమ్మ గంప దించుకుని అత్తని పిలుస్తోంది.

"మూడెట్టు," అన్నాడు. చెయ్యి తీశాక మళ్ళీ అన్నాడు. "మూడే."

ఖాళీగా ఉన్న ఆ గడిలో మూడు వేశాను. ఆయన దాన్ని చూశాడు. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు, నడుము పట్టేసినట్టుంది, ఒక క్షణం బల్ల పట్టుకుని నిలబడ్డాడు. అత్త వైపు తిరిగి చొక్కా ఇమ్మన్నాడు. ఆమె కదల్లేక నిలబడిపోతే నేనే వెళ్ళి కొక్కేనికున్నది తెచ్చిచ్చాను. హార్బరుకేనా అని అడిగే ధైర్యం నాకు లేదు. ఈపాటికి చేపల వేలంపాట అయిపోయి ఉంటుంది కదా మావయ్యా అన్నాను, ఏదో ఒకటి అనాలని.

గుండీలు పెట్టుకుంటూ ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. చెప్పులు వేసుకున్నాడు.

"పాటకి కాదు, బాబూ," అన్నాడు. "ఆల్లు ఆరుగురూ బతికే ఉన్నారు కదా. ఒకపాలి సూసొత్తాను."